రాటుదేలిన పురుగు

పెద్దామెకు మందు కొలవడానికి గరిటె అక్కర్లేదు. గుప్పెడు తీసి డ్రమ్ములో వేసి, కర్రతో నాలుగు తిప్పులు తిప్పితే ఆ పూటకు ఆరువేల కోళ్ళకూ సరిపోయేది. పదహారేళ్ళుగా అదే గుప్పెడు, అదే డ్రమ్ము. కంపెనీ పంపే ఆ తెల్లపొడికి అసలు పేరేమిటో ఆమెకు తెలియదు. సంచి మీద 'ఎదుగుదల పొడి' అని ఉండేది. పొడి పడితే కోడి నలభై రోజుల్లో రెండు కిలోలు తూగుతుందని, పడకపోతే తూగదని కంపెనీ సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఆమె ఇంకో మాట అడగలేదు.

షెడ్డు ఒక్కటే గాని రెండు వందల అడుగుల పొడవు. దాన్ని నడిపేది ఇద్దరు తోడికోడళ్ళు. వచ్చిపోయేవాళ్ళందరికీ వాళ్ళు పెద్దామె, చిన్నామె. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు వీళ్ళను చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. తిట్టుకోరని కాదు, పొద్దున లేస్తే తిట్టుకోవడమే. కానీ ఒకరు తిట్టినప్పుడు ఇంకొకరు నవ్వేవాళ్ళు. పెద్దామె భర్త పోయి తొమ్మిదేళ్ళు. చిన్నామె భర్త ఆ కంపెనీ లారీయే తోలేవాడు. కోడిపిల్లల్ని తెచ్చేదీ, దాణా బస్తాలు దించేదీ, ఎదిగిన కోళ్ళను తీసుకుపోయేదీ అతనే. కాబట్టి ఆ ఇంటికి కంపెనీ అంటే అన్నం పెట్టే చెయ్యి.

ఆ రోజు చిన్నామెకు తగిలింది చిన్న గాటు. మేత తొట్టి రేకు అంచు కుడిచేతి చిటికెన వేలి పక్కన గీరింది. "ఈ మాత్రానికి కూర్చుంటే కోళ్ళు నవ్వుతాయి" అని గుడ్డపీలిక చుట్టి, అదే చేత్తో కోళ్ళ కింద పరిచిన పొట్టు తిరగేసింది. మూడో రోజుకు జ్వరం. నాలుగో రోజుకు మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి గీత.

వీధి చివర డాక్టరు మాత్రలిచ్చాడు. మార్చి ఇంకో రకం ఇచ్చాడు. సూదులు పొడిచాడు. పుండు మాత్రం నీ మందు నీ దగ్గరే ఉంచుకో అన్నట్టు తన దారిన తాను పెరిగింది. పదో రోజున పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడ ముందు చిటికెన వేలు తీసేశారు. రెండు రోజులు చూసి పక్క వేలు కూడా తీసేశారు.

రెండో వేలు పోయిన రోజు మధ్యాహ్నం, వార్డు బయట బల్ల మీద కూర్చున్న పెద్దామె దగ్గరికి ల్యాబు డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతూ ఉంది.

"ఆవిడకి మీరేమవుతారు?"

"అక్కని."

"సొంత అక్కా?"

"తోడికోడల్ని. సొంతమే."

డాక్టరమ్మ ఆమెను ల్యాబులోకి తీసుకెళ్ళి, ఫ్రిజ్జులోంచి అరచేతంత గాజుగిన్నె తీసి వెలుతురులో పట్టుకుంది. గిన్నెలో పలచటి పొర, ఆ పొర మీద మందు అద్దిన పన్నెండు చిన్న కాగితం బిళ్ళలు.

"ఈ పొర మీ చెల్లెలి పుండులో ఉన్న క్రిమి, మీ మాటల్లో పురుగు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ రావాలి. పురుగు దగ్గరికి రాకూడదు. చూడండి."

పెద్దామె చూసింది. ఎక్కడా ఖాళీ లేదు. పురుగు బిళ్ళలను ఒరుసుకుని మరీ పెరిగింది.

"ఇన్ని మందులూ..."

"ఇన్నీ పనిచేయలేదు. ఏదీ పనిచేయనప్పుడు బయటికి తీద్దామని మేం దాచుకునే మందు ఒకటుంటుంది. వేరే పరీక్షలో అదీ చూశాం. దానికీ లొంగలేదు. ఇంకొక్కటి కొంచెం పనిచేస్తోంది, దాని మీదే నడిపిస్తున్నాం. మీరేం పని చేస్తారు?"

"కోళ్ళు పెంచుతాం."

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "కోళ్ళకేమైనా మందులు పెడతారా?"

"జబ్బు చేస్తే పెడతాం. రోజూ అయితే ఎదుగుదల పొడే."

"ఆ సంచి ఒకటి తీసుకురాగలరా?"

మర్నాడు పెద్దామె సంచి తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, లేబులు మూలను గోటితో గీకింది. కింద ఇంకేదో అచ్చు కనిపించింది. దూదిని స్పిరిట్లో తడిపి రుద్దితే పై కాగితం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద ఉన్న పేరు చదివి ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా?"

"మేం దాచుకునే మందని చెప్పానే, అది ఇదే."

పెద్దామెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి వంకా తన అరచేతి వంకా చూసుకుంది. మనుషులు చావుబతుకుల్లో ఉంటే తాళం తీసి చుక్క చుక్కగా ఎక్కించే మందును, తాను పదహారేళ్ళుగా గుప్పెళ్ళతో డ్రమ్ములో కుమ్మరించింది.

"జబ్బుపడ్డ కోడికి సరైన మందు ఇస్తే తప్పులేదు. జబ్బు లేకుండా రోజూ కొంచెం కొంచెం పెడితే కోడి ఒంట్లో పురుగులన్నీ చావవు. కొన్ని తట్టుకుని నిలబడతాయి. ఇక పెరిగేవి అవే" అంది డాక్టరమ్మ.

"అంటే చావు దెబ్బ కొట్టకుండా చిన్న చిన్న దెబ్బలేసి దాన్ని రాటుదేల్చాం. అంతేనా?"

"అంతే. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను. కానీ తప్పు మీది కాదు, మీకెవరూ చెప్పలేదు."

"చెప్పలేదు సరే. వేసిన చెయ్యి నాదేగా" అంది పెద్దామె. సంచి డాక్టరమ్మ దగ్గరే వదిలేసి, ఊడిన లేబులు మడిచి జాకెట్లో దోపుకుంది.

ఆ వారంలో డాక్టరమ్మ షెడ్డుకొచ్చి డ్రమ్ము అడుగు నుంచి, నీటి గొట్టాల నుంచి, పొట్టులోంచి దూదిపుల్లలతో మచ్చుకు తీసుకెళ్ళింది. అన్నిట్లోనూ అదే పురుగు. చిన్నామె చేతిలోకి వచ్చింది ఎక్కడి నుంచో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

అప్పటికి పాత బ్యాచ్ వెళ్ళిపోయి షెడ్డు ఖాళీగా ఉంది. పెద్దామె పాత పొట్టంతా ఎత్తించి, నేల కడిగి, సున్నం కొట్టింది. డ్రమ్ము పారేసి కొత్తది కొంది. గుమ్మంలో కాళ్ళు కడుక్కునే తొట్టి పెట్టింది. పదిహేను రోజులు ఎండనిచ్చింది. తర్వాత కొత్త బ్యాచ్ పిల్లల్ని తీసుకుని మరిది లారీ వచ్చింది. డ్రైవరు పక్కన సూపర్‌వైజరు.

అరవై అట్టపెట్టెలు, పెట్టెకు వంద పిల్లలు. నలభై అయిదు దించాక పెద్దామె లారీ తలుపు మూసేసింది.

"ఇంకా పదిహేనున్నాయి వదినా" అన్నాడు మరిది.

"తీసుకుపో. ఈ షెడ్డుకి ఇన్ని చాలు. ఇరుకైతే జబ్బులు, జబ్బులైతే మందు. నాకు రెండూ వద్దు."

సూపర్‌వైజరు నవ్వుతూ దిగాడు. చేతిలో పొడి సంచి. "ఏంటమ్మా, కోపంగా ఉన్నట్టున్నారు. పిల్లలు వెనక్కి పోవడం మా కంపెనీలో లేదు."

"ఇవాళ్టి నుంచి ఉంది. ఆ సంచి కూడా పట్టుకెళ్ళు."

"పొడి లేకుండా పెంచుతారా? కోళ్ళు చస్తే?"

"చస్తే నేను ఏడుస్తా. నువ్వు ఏడవక్కర్లేదు."

మరిది ఆమెను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "వదినా, నీకు దణ్ణం పెడతా. నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. నీ పెళ్ళాం వేళ్ళు రెండు ఊడాయి. నీ కంపెనీ నుంచి ఒక్క పిట్టయినా ఆసుపత్రి గడప తొక్కిందా?"

అతను వెళ్ళి లారీ ఎక్కాడు. పదిహేను పెట్టెలతో లారీ వెనక్కి తిరిగింది.

వారం బాగానే ఉంది. తొమ్మిదో రోజు పిల్లలు మూలలకు చేరి గుంపులుగా ముడుచుకున్నాయి. పదో రోజు ఇరవై చచ్చాయి. పదకొండో రోజు అరవై. సూపర్‌వైజరుకు వాసన ఎలా తగిలిందో గాని, ఆ మధ్యాహ్నమే మోటారు సైకిలేసుకుని దిగాడు. చచ్చిన పిల్లల బకెట్టు చూసి "నేను చెప్పానా లేదా" అని ఒక్క మాటే అన్నాడు. పొడి సంచి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్దామె ఆ సంచి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి నడిచింది. మూతి విప్పింది. చెయ్యి దానంతటదే లోపలికి పోబోయింది, పదహారేళ్ళ అలవాటు.

చిన్నామె అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులు. షెడ్డులోకి అడుగు పెట్టొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకని బయట బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వల సందుల్లోంచి చూస్తోంది.

"వేస్తావా అక్కా?"

"వెయ్యాలనే ఉందే" అంది పెద్దామె. "పసికూనలే, నా కళ్ళ ముందే..."

"అయితే వెయ్యి. నా దగ్గర ఇంకా ఎనిమిదున్నాయి."

పెద్దామె ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తర్వాత సంచి మూతి బిగించి ముడి మీద ముడి వేసింది. "నీ నోట్లో మన్ను పడ" అని తిడుతూనే చెప్పులేసుకుని, చచ్చిన పిల్లలు నాలుగింటిని గుడ్డసంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది.

పశువుల డాక్టరు రిటైరుకు దగ్గరపడ్డవాడు. పిల్లల్ని కోసి చూశాడు, షెడ్డుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని పొట్టు పిడికిట్లో పట్టి నొక్కాడు. పొట్టు ముద్దకట్టింది.

"రోగం లేదు, రొష్టూ లేదు. చలి, తడి. ఆ మూల నీటిగొట్టం కారుతోంది చూశారా? పైన దీపాలు నాలుగు మాడిపోయాయి. పొడి వేసుంటే చచ్చేవి కొన్ని తగ్గేవేమో. గొట్టం మాత్రం కారుతూనే ఉండేది. మీరు చూసేవాళ్ళు కాదు."

ఆ సాయంత్రమే గొట్టం బిగించారు, దీపాలు మార్చారు, తడిపొట్టు తీసి ఎండు పొట్టు పరిచారు. మర్నాడు పద్దెనిమిది చచ్చాయి. ఆ మర్నాడు నాలుగు. తర్వాత ఆగిపోయాయి. పెద్దామె పిల్లల మధ్య నిలబడి, పొడి వేసి చేతులు దులుపుకోవడమే తప్ప ఈ షెడ్డును ఎన్నడైనా ఇంత పరీక్షగా చూశానా అనుకుంది. చూడలేదు. ఆ సంగతి ఆమెను కోళ్ళు చచ్చినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది.

కోళ్ళు రెండు కిలోలు తూగడానికి నలభై నాలుగు రోజులు పట్టింది. తెల్లారగానే లారీ వచ్చింది. గంపల్లో కోళ్ళను నింపి ఎక్కించాక సూపర్‌వైజరు ఎప్పటిలాగే ఒక ఫారం, పెన్ను అందించాడు. ఎప్పటిలాగే సంతకం దగ్గర చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు.

ఆమె మొదటిసారి ఆ ఫారం చదివింది. 'ఈ కోళ్ళకు ఏ మందు వాడినా కోతకు పది రోజుల ముందే ఆపివేయబడినది' అని ఉంది. పదహారేళ్ళుగా ఏటా ఆరుసార్లు ఆ అబద్ధం కింద సంతకం పెట్టింది తనే. కింద ఒక ఖాళీ గడి, పక్కన 'ఇతర విషయాలు'.

పెద్దామె ఫారాన్ని లారీ బానెట్ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నారు? ఆ గడి ఎవరూ నింపరమ్మా."

"నింపకపోతే ఎందుకు పెట్టారు, అందానికా?"

ఆమె రాసింది ఇది: 'ఈ బ్యాచ్‌కి ఏ పొడీ వెయ్యలేదు. ఇంతకుముందు అన్ని బ్యాచ్‌లకీ కంపెనీ ఇచ్చిన పొడి చివరి రోజు దాకా వేశాం. దాని లేబులు కింద ఇంకో పేరుంది. ఆ లేబులు నా దగ్గరుంది.'

సూపర్‌వైజరు ముఖం మాడిపోయింది. "ఇది చెల్లదు. వేరే ఫారం ఇస్తా, సంతకం పెట్టండి."

"వేరేది ఇస్తే వేరేదాని మీదా ఇదే రాస్తా. నా చేతిరాత ఇంకా కుదురుతుంది, అంతే."

ఎండెక్కుతోంది. గంపల్లో కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. ఫారం లేకుండా లారీని కంపెనీ గేటు లోపలికి రానివ్వరు. సూపర్‌వైజరు రెండుసార్లు ఫోను చేశాడు, మూడోసారి ఫారం లాక్కుని లారీ ఎక్కాడు. మరిది ఇంజను వేస్తూ వదిన వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉందో ఇంకేముందో ఆమెకు తెలియలేదు.

నాలుగు రోజులకు అతనే ఇంకో కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేనేజరుగారు పంపారు. ఒక్క సంతకం పెడితే గొడవ పోతుందట."

"ఏముంది అందులో?"

"ఆ పొడి మనమే బయట కొన్నామని. కంపెనీకి తెలియదని."

"నువ్వు చదివావా?"

"చదివా."

"చదివే తెచ్చావా?"

అతను తల వంచుకున్నాడు. పొయ్యి దగ్గర చిన్నామె ఎడమచేత్తో టీ వడకడుతోంది. చెయ్యి కుదరక సగం గ్లాసులో, సగం బల్ల మీద పడింది. ఆమె బల్ల తుడుచుకుంది. అతను కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం కంపెనీ పెట్టిన పెంపకందార్ల సమావేశం. అద్దె హాల్లో అరవై కుటుంబాలు. వేదిక మీద తెల్లచొక్కా మేనేజరు, పక్కన సూపర్‌వైజరు. పెద్దామె చిన్నామెను వెంటబెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. మేనేజరు అది చెప్పి ఇది చెప్పి, "కొంతమంది బయట కొన్న మందులు వాడి, మన మీద నిందలు వేస్తున్నారు. కంపెనీ ఏనాడూ అలాంటి పొడి ఇవ్వలేదు" అన్నాడు.

పెద్దామె లేచి నడవాలోకి వచ్చి మైకు అడిగింది. ఇవ్వలేదు. ఉన్నది కూడా కట్టేశారు. పాపం వాళ్ళకు తెలియదు, ఆరువేల కోళ్ళు అరుస్తుంటే రెండు వందల అడుగుల అవతలి మనిషిని పిలిచే గొంతు అది.

"ఇదిగో లేబులు! మీ అందరి ఇళ్ళల్లోనూ ఇదే ఉంది, తడిపి ఊడదీసి చూసుకోండి. కింద ఉన్నది ఆసుపత్రిలో చివరాఖరికి వాడే మందు. మా చిన్నామెకి గీరుకున్నది రేకు, మానంది ఈ పొడి వల్ల. లేవవే, చూపించు."

చిన్నామె లేచి చెయ్యి ఎత్తింది. వెనక నుంచి ఒక ముసలాయన "మావాడి కాలి పుండు కూడా మూణ్ణెల్లుగా మానట్లేదు" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"అంతా అబద్ధం!" అన్నాడు మేనేజరు. "ఆ పొడి కంపెనీ ఇచ్చిందనడానికి సాక్ష్యం ఏది?"

"నేను."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర కంపెనీ యూనిఫారంలో మరిది నిలబడి ఉన్నాడు. "మీ గోడౌన్లో నేనే ఎక్కించుకున్నా. ఇక్కడున్న అరవై ఇళ్ళకీ నేనే దించా. దించలేదన్నవాడు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అతను నడుచుకుంటూ వెళ్ళి లారీ తాళాలు, మడతపెట్టిన ఆ కాగితం వేదిక అంచున పెట్టాడు. తిరిగి వస్తూ భార్య పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. చిన్నామె అతని వంక చూడకుండానే బాగున్న చెయ్యి అతని మోకాలి మీద వేసింది.

తర్వాత జరిగిందంతా గెలుపేమీ కాదు. పెద్దామె ఒప్పందం రద్దయిందని వారంలోపే ఉత్తరం వచ్చింది. మరిది ఇప్పుడు ఇసుక లారీ తోలుతున్నాడు. కానీ ఆ నెలలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ ఖాళీ గడి నింపారు. కంపెనీ గడి తీసేసి కొత్త ఫారాలు అచ్చేయిస్తే, వాళ్ళు అంచుల్లో రాశారు. ఆ కాగితాలు, లేబులు, ల్యాబు ఫలితాలు కలిపి డాక్టరమ్మ పై అధికారులకు పంపింది. విచారణ నడుస్తోంది, నత్త నడకే అయినా. పొడి కొన్నాళ్ళు ఆగి, వేరే రంగు సంచిలో మళ్ళీ వచ్చింది. ఈసారి సగం ఇళ్ళవాళ్ళు దించుకోలేదు.

తోడికోడళ్ళు మాత్రం షెడ్డు మూయలేదు. పదిహేను వందల కోళ్ళను సొంతంగా పెంచుకుంటున్నారు. చిన్నామె చేతికి తొడుగు వేసుకుని మళ్ళీ లోపలికి వస్తోంది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది, తిట్టడానికి ఏ చేయీ అక్కర్లేదు కాబట్టి అది మామూలే.

మొన్న డాక్టరమ్మ మూడోసారి మచ్చుల ఫలితాలు తెచ్చింది. నీటి గొట్టాల్లో లేదు, కొత్త పొట్టులో లేదు. పడమటి మూల నేల పగుళ్ళలో మాత్రం ఆ పురుగు ఇంకా ఉంది.

"నిరాశపడకండి. ఏళ్ళు పట్టొచ్చు. పూర్తిగా పోతుందని కూడా నేను మాటివ్వలేను" అంది.

"నిరాశా? పదహారేళ్ళు నేనే మేపానమ్మా దాన్ని. చెప్పగానే పోతుందా?" పెద్దామె చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, పడమటి మూలకు వెళ్ళి పగుళ్ళను కాలితో తట్టి చూసింది. సిమెంటు బోలుగా మోగింది. ఆమె వెనక్కి తిరిగి షెడ్డు అదిరేలా మరిదిని కేకేసింది.

"గునపం పట్రా! ఈ నేలంతా లేపేద్దాం."